నిద్రపొగ

పందొమ్మిది నెలల కిందట నేలలోంచి తవ్వితీసిన ఆలుగడ్డను చంద్రకళ పీట మీద పెట్టి అడ్డంగా కోసింది. లోపల తెల్లగా, గట్టిగా, నిన్న తవ్వినట్టే ఉంది. దాన్ని పలచని చక్రాలుగా తరిగి కాగుతున్న నూనెలో వేసింది. గోదాం వెనక ఉన్న ఆ చిన్న ప్రయోగశాలలో పదిమంది నిలబడి మూకుడులోకి తొంగిచూస్తున్నారు. జల్లిగరిటెతో తీసిన చిప్స్ లేత బంగారు రంగులో ఉన్నాయి. ఒక్కదాని అంచు కూడా నల్లబడలేదు.

గోదాం యజమాని ఉమాపతి పాటిల్ ఒకటి నోట్లో వేసుకుని కరకరా నమిలాడు.

"మేడమ్, ఇగ మన జహీరాబాద్ గడ్డకు ముసలితనం లేదు" అన్నాడు.

"రెండు గదుల్లోనే చూసినం సార్. ఇంకో ఏడాది ఆగితే బాగుంటది."

"ఏడాది ఎందుకు? ఈ పంటకు ఆరు గదులూ నింపుదాం."

నేలలోంచి తీసినా ఆలుగడ్డ ప్రాణంతోనే ఉంటుంది. వెచ్చని చోట పెడితే రెండు నెలలకు ప్రతి కన్నూ మొలకేసి గడ్డ వడలిపోతుంది. మొలక రాకుండా చల్లని గదిలో పెడితే లోపలి పిండి చక్కెరగా మారుతుంది. ఆ చక్కెర నూనెలో మాడి చిప్స్ నల్లబడతాయి, కంపెనీవాళ్లు లారీకి లారీ వెనక్కి పంపేస్తారు. చంద్రకళ పన్నెండేళ్లు ఈ చిక్కుముడితోనే గడిపింది. ఒక ఎండాకాలం తమ్ముడు వీరేశం కొట్టంలో ఓ మూల కుప్ప మాత్రం మొలకెత్తకుండా ఉండిపోవడం చూసి, ఆ గడ్డల తొక్క మీద ఒక సూక్ష్మజీవిని పట్టుకుంది. అది వదిలే ఆవిరి తగిలినంతకాలం గడ్డ కళ్ళు తెరవదు. పిండి పిండిలాగే ఉంటుంది. చల్లదనం అక్కర్లేదు. ఆమె దాన్ని గాజు తొట్లలో పెంచి, ఆవిరిని ఫ్యాన్లతో గదుల్లోకి పంపింది. కూలీలు దానికి నిద్రపొగ అని పేరు పెట్టారు.

మనుషులకు హాని లేదని తేల్చడానికి ఎలుకల మీద పరీక్ష చేయించింది. మూడు నెలలు వాటికి ఏ జబ్బూ రాలేదు. పిల్ల ఎలుకల బరువు పెరగలేదని నివేదికలో ఒక వరుస ఉంది. మేత తక్కువ తిన్నాయేమో అని పక్కన రాసి, కింద సంతకం చేసింది.

నలభై ఒక్క ఏళ్ల చంద్రకళ పెళ్లి చేసుకోలేదు. తమ్ముడింట్లోనే ఉంటుంది. మరదలు మహానంద ఆమెను వదినా అని పిలిచినా తల్లి దగ్గర ఉన్నంత చనువుగా ఉండేది. మహానందకు రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి నిలిచాక ఇంట్లో ఒంటరిగా కూర్చుంటే భయం పట్టుకుంటోందని, ఏదైనా పని చూపించమని అడిగింది.

"బరువులు మొయ్యొద్దు. గడ్డలు ఏరి వేరు చేసుడే. కూసోని చేసే పని" అని చంద్రకళే ఆమెను గోదాంలో పెట్టించింది.

మొదట్లో ఆడవాళ్లు బయట రేకుల షెడ్డు కింద కూర్చుని పని చేసేవారు. వానలు మొదలయ్యాక షెడ్డు కురుస్తోందని అందర్నీ లోపలి గదుల్లోకి మార్చారు. అప్పటికి మహానందకు ఐదో నెల.

శ్రావణమాసంలో ఒక సాయంత్రం మహానంద ఆసుపత్రి నుంచి స్కానింగ్ కాగితంతో వచ్చింది. డాక్టర్ తబస్సుమ్ లెక్క ప్రకారం ఏడో నెల నడుస్తోంది. బిడ్డ మాత్రం ఐదు నెలల బిడ్డంతే ఉంది.

"గుండె మంచిగనే కొట్టుకుంటున్నదట. తారీఖు తప్పు చెప్పినవేమో, రెండు వారాలకు మళ్ళ రా అన్నది" అంది మహానంద, జొన్నరొట్టె తడుతూ. "తారీఖు నాకెరుక లేదా వదినా? రెండు పోగొట్టుకున్నదాన్ని. దినం దినం లెక్కపెట్టుకుంటున్న."

చంద్రకళ చూపు మహానంద చేతుల మీద పడింది. ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు అరచేతుల్లో ఎప్పుడో వెలిసిపోయింది. గోళ్ల మీద మాత్రం ఎర్రగా, మొదలుదాకా నిండుగా ఉంది. నెలన్నర దాటింది. ఈపాటికి గోరు మొదట్లో తెల్లటి నెలవంక కనపడాలి. చంద్రకళ తన గోళ్లు చూసుకుంది. ఆమె ఎప్పుడూ మాస్కు పెట్టుకుని నిమిషాల మీద గదిలోకి వెళ్లి వచ్చే మనిషి. ఆమె గోరింటాకు సగం పైకి జరిగింది.

మర్నాడు గోదాంలో ముసలి అంతమ్మ చెయ్యి పట్టుకుని చూసింది. అవే గోళ్లు. బొటనవేలి మీద కత్తి గాటు.

"ఇదెప్పుడు తెగింది అంతమ్మా?"

"నెల దాటింది మేడమ్. చీము లేదు, నెత్తురు లేదు. మానదు, కుళ్ళదు. గట్లనే ఉన్నది" అంటూ నవ్వింది అంతమ్మ. "జుట్టు కూడా పెరుగుత లేదు. నూనె ఖర్చు తప్పింది."

చంద్రకళ ఆమె చెయ్యి వదిలేసింది. అప్పుడే ఫ్యాన్లు ఆపేసి ఉండాల్సింది. కానీ ఆమె మనసు వెయ్యి దారులు వెతికింది. ముందు రుజువు కావాలి అనుకుంది. ఊరికే అనుమానంతో ఆరు గదులు ఆపితే లోపలున్న మూడు వందల మంది రైతుల పంట మొలకెత్తిపోతుంది. అందులో వీరేశంది కూడా ఉంది. బలం మందు పరీక్ష అని చెప్పి, పన్నెండు మంది ఆడవాళ్ల గోళ్ల మీద సన్నని గీతలు గీసింది. మహానంద గోటి మీద కూడా గీసింది. గీత జరుగుతుందో లేదో చూడటానికి ఎదురుచూసింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ మహానంద టిఫిన్ డబ్బా పట్టుకుని ఆమె వెంటే గోదాంకు నడిచి వచ్చింది.

పన్నెండో రోజు ఆసుపత్రికి చంద్రకళ కూడా వెళ్లింది. డాక్టర్ తబస్సుమ్ బిడ్డ తొడ ఎముకను కొలిచింది, పాత కాగితం తీసి పోల్చింది, మళ్ళీ కొలిచింది.

"ఇట్లా ఉండదు. పెరగని బిడ్డ బతకదు. బతికిన బిడ్డ పెరగాలి. ఇది వెంట్రుకవాసి కూడా మారలేదు" అంది.

చంద్రకళ మహానందను ఇంటి దగ్గర దింపి, నేరుగా గోదాంకు వెళ్లి ఆరు గదుల ఫ్యాన్లూ ఆపేసింది. తలుపులన్నీ తెరిపించింది. ప్రయోగశాలలోకి వెళ్లి బ్లీచింగ్ నీళ్లు బిందెలతో కలిపి గాజు తొట్లన్నిట్లో పోసింది. ఫ్రిజ్‌లో దాచిన విత్తన సీసాలు ఒక్కొక్కటే పగలగొట్టి ఆ నీళ్లలోనే ముంచింది. మూడేళ్ల పని ముప్పావు గంటలో తెల్లటి నురగయింది.

పాటిల్ పరుగున వచ్చాడు. "ఏం చేస్తున్నరు మేడమ్? పిచ్చి పట్టిందా?"

"ఈ పొగ గడ్డల్ని ఒక్కటే నిద్రపుచ్చుత లేదు. లోపల పనిచేసే నలభై మందిని నిద్రపుచ్చింది. నా మరదలి కడుపులో బిడ్డ రెండు నెలల నుంచి నిద్రపోతున్నది."

పాటిల్ గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. "నా బిడ్డ కూడా బడి అయినంక దినాం లోపలనే ఆడుకుంటున్నది" అన్నాడు మెల్లగా. ఇంకేం అడ్డు చెప్పలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో అంతా చెప్పింది, పదకొండు రోజుల సంగతి తప్ప. వీరేశం, "ఇప్పుడు బందువెట్టినవు గద అక్కా. బిడ్డ లేస్తదా?" అని అడిగాడు.

"లేస్తది. గడ్డలు లేస్తయి. మనుషులు కూడా లేస్తరు."

మహానంద పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని, "నిద్రపోయిండా? పోనీ, చచ్చిపోలే" అంది. ఆ రెండు నెలల్లో ఆమె ముఖంలో మొదటిసారి భయం తగ్గింది.

పొగ ఆపిన ఎనిమిదో రోజున మహానందకు ఆకలి మొదలైంది. పొద్దున ఆరు రొట్టెలు తింది. పది గంటలకల్లా మళ్ళీ పళ్లెం ముందు కూర్చుంది. గోటి మీద గీత జరిగింది. ఒక్క రోజులోనే గింజంత జరిగింది. జుట్టు మొదళ్లు జిలపుట్టి గోక్కుంటోంది. పొట్టలో బిడ్డ కదిలిందని వీరేశం చెయ్యి లాగి పెట్టించుకుంది. ఇల్లంతా సంతోషం. వీరేశం పక్కింటికి పోయి పాలు, గుడ్లు తెచ్చాడు.

తొమ్మిదో రోజు గోదాంలో గడ్డలు లేచాయి. చంద్రకళ మొదటి గది తలుపు తీసేసరికి గోనెసంచుల కుట్లలోంచి తెల్లటి మొలకలు పొడుచుకొచ్చి కనిపించాయి. మామూలుగా ఒక గడ్డకు ముందు ఒక కన్ను లేస్తుంది, తక్కినవి ఆగి చూస్తాయి. ఇక్కడ అన్ని కళ్ళూ ఒక్కసారే తెరుచుకున్నాయి. ఒక సంచి విప్పి గడ్డ చేతిలోకి తీసుకుంది. మొలకలు జానెడు ఉన్నాయి. గడ్డ మాత్రం వేళ్ల మధ్య మెత్తగా నలిగిపోయింది. మొలక దాన్ని పూర్తిగా తాగేసింది. మిగిలింది ముడతల తొక్క.

ఆమె ఆ తొక్కను పట్టుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

తర్వాత లేచి గది గదీ తిరిగింది. ఐదో గది తలుపు సరిగ్గా పడదు. ఆ సందులోంచి వానకాలమంతా బయటి గాలి వచ్చేది. సందు పెరిగేకొద్దీ పొగ అక్కడ రోజురోజుకూ పలచబడుతూ వచ్చింది. తలుపు పక్కనున్న నాలుగు సంచుల గడ్డలకు ఒక్కొక్క మొలకే, పొట్టిగా, పచ్చగా వచ్చింది. గడ్డ గట్టిగా ఉంది. పొగను ఒక్కసారి ఆపకుండా, కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వస్తే మెల్లగా, క్షేమంగా లేస్తాయన్నమాట. మనుషులైనా అంతే.

తగ్గించడానికి ముందు పొగ ఉండాలి. విత్తనం ఒక్క చుక్క కూడా మిగలకుండా ఆమె తన చేతులతోనే చంపేసింది.

ఇంటికి పరుగెత్తింది. మహానంద అరుగు మీద కూర్చుని అటుకులు బెల్లంతో తింటోంది. పొట్ట నిన్నటికంటే ఎత్తుగా ఉంది. చెంపలు లోపలికి పోయాయి. గాజులు మోచేతిదాకా జారుతున్నాయి.

"ఎంత తిన్నా ఆగుత లేదు వదినా" అంది సిగ్గుపడుతూ.

ఆ మధ్యాహ్నమే ఆమెను హైదరాబాద్‌లో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. తక్కిన కూలీలు కూడా సన్నబడుతున్నారు, గోళ్లు వంకర్లు పోతున్నాయి. కడుపుతో ఉన్నది మహానంద ఒక్కతే గనక తక్కినవాళ్లు కొంత తట్టుకుంటున్నారు.

చంద్రకళ గోదాం ముందు నిలబడి ఊరివాళ్లకు విషయం చెప్పింది. "పోయిన నెల గోదాం నుంచి మీరు వండుకోను తీసుకపోయిన గడ్డలు ఎవరింట్లనన్నా ఇంకా మొలవకుండ ఉంటే తెచ్చియ్యండి. కడగొద్దు. పొగతోని ఎగిరొచ్చి ఆ జీవి తొక్క మీద బతికుండొచ్చు."

ఆరు గదుల పంట ఆమె వల్లే పోయింది. జనంలో ఇద్దరు ముగ్గురు తిట్టారు. అంతమ్మ ముందుగా వెళ్లి కొంగులో నాలుగు గడ్డలు మూటగట్టుకుని వచ్చింది. ఆ తర్వాత ఆడవాళ్లు ఒక్కొక్కరే వంటింటి బుట్టలు దులిపి, చేటల్లో, కొంగుల్లో తేవడం మొదలుపెట్టారు. చీకటి పడేలోగా పది బుట్టలయ్యాయి. వాటిలో కళ్ళు తెరవని గడ్డలు ఆరే ఆరు దొరికాయి. చంద్రకళ వాటి తొక్కలు గీసి ఆరు సీసాల్లో వేసింది. చిక్కబడటానికి కనీసం పన్నెండు రోజులు పడుతుందని ఆమెకు తెలుసు.

వారం తర్వాత చంద్రకళ ఆసుపత్రికి వెళ్లింది. వీరేశం మందుల కోసం కిందికి దిగాడు. మహానందకు రెండు చేతులకూ గ్లూకోజు, ముక్కులోంచి పాలు పోతున్నాయి. అయినా ఎముకలు తేలాయి. పొట్ట మాత్రం నున్నగా, బిగువుగా ఉంది.

"బిడ్డ మంచిగ పెరుగుతున్నదట. ఒక్క వారంల రెండు నెలల పెరుగుడు" అంది మహానంద. "ఇంకొన్ని దినాలైతే కోసి తీస్తమన్నరు. ఇప్పుడే తీస్తే బిడ్డ దక్కదు. తియ్యకుంటే నేను దక్కనట. నర్సులు పక్కకు పోయి మాట్లాడుకుంటున్నరు గని, నాకు ఇనపడుతున్నది."

"మహానందా, నేను నీకొకటి చెప్పాలె."

"చెప్పు."

"నీ గోళ్లు చూసిన నాడే నాకు తెలిసింది. పదకొండు దినాలు ఎవ్వరికి చెప్పలే. నిన్ను దినాం పనికి తోలిన. తర్వాత ఎవ్వరినడగకుండ పొగ మొత్తం చంపేసిన. అది ఉంటే నిన్ను మెల్లగ లేపుదును."

మహానంద కళ్ళు మూసుకుంది. ఆమె గుండె ఎగసిపడటం దుప్పటి మీద కనిపిస్తోంది. చంద్రకళ ఆమె చెయ్యి పట్టుకోబోతే వెనక్కి తీసుకుంది.

"మొదటి నాడే చెప్పుంటే?"

"బతుకుతుంటివి. పదకొండు దినాలు తక్కువ పీల్చుంటే గీ బలం గుంజుడు ఇంత ఉండకపోవు."

పక్క మంచం దగ్గర ఎవరో ఆడమనిషి కమలాపండు ఒలుస్తోంది, ఆ వాసన గదంతా నిండింది.

"ఆయనకు చెప్పినవా?" అంది మహానంద.

"లేదు. ఇయ్యాల చెప్త."

"వద్దు." మహానంద కళ్ళు తెరిచి ఆమె వైపు చూసింది. ఆ చూపులో దయ లేదు. "ఇప్పుడు చెప్తే నిన్ను గడప తొక్కనియ్యడు. ఊరోళ్లు నిన్ను ఆ గోదాంలకు రానియ్యరు. అంతమ్మ ఉన్నది, తక్కిన వాళ్లున్నరు. వాళ్లకు పొగ తయారు చెయ్యాలె గద? వాళ్లందరు లేచినంక చెప్పు. అప్పుడు మాత్రం చెప్పుడు బందువెట్టకు. నువ్వే చెప్పాలె. ఒట్టు వెయ్యి."

"ఒట్టు" అంది చంద్రకళ.

"నిన్ను మాఫ్ చేసిన అనుకోకు."

పొగ ఆపిన ఇరవై ఒకటో రోజు పొద్దున డాక్టర్లు ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. రెండున్నర కిలోలు. మంచి గొంతు. పాపను తల్లి చెంప దగ్గర పెట్టారు. మహానంద చెయ్యెత్తలేకపోయింది. వీరేశం ఆమె చెయ్యి తీసి పాప వీపు మీద పెట్టి పట్టుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం ఆమె గుండె ఆగింది. ముప్పై నాలుగు కిలోల శరీరం. మోసుకుపోవడానికి ఇద్దరు అక్కర్లేకపోయింది.

వాళ్ల ఆచారం ప్రకారం ఊరి బయట ఆమెను కూర్చోబెట్టి సమాధి చేశారు. జంగమయ్య విభూతి చల్లుతుంటే చంద్రకళ దూరంగా నిలబడింది. అక్కణ్నుంచి కాళ్ళు కడుక్కుని గోదాంకు వెళ్లింది. ఆరు సీసాల్లో మూడోది మసకబారి ఉంది. మూత తీసి వాసన చూసింది. తడిసిన సున్నం లాంటి సన్నని వాసన. జీవి బతికింది. ఒక్క రోజు ఆలస్యంగా.

ఐదో గదిని పనిచేసినవాళ్ల కోసం సిద్ధం చేశారు. పరుపులు, కుర్చీలు వేశారు. పాటిల్ తన కూతురిని కూడా తెచ్చి కూర్చోబెట్టాడు. ఆ పిల్లతోపాటు మిగిలిన ముప్పై తొమ్మిది మంది కూలీలూ రోజుకు ఎనిమిది గంటలు, తర్వాత ఏడు, తర్వాత ఆరు, అలా తగ్గుతూ ఆ పొగ పీల్చారు. ఇద్దరు ముసలివాళ్లు మొదటి వారంలోనే పోయారు. తక్కినవాళ్లు నిలదొక్కుకున్నారు. చంద్రకళ మాస్కు లేకుండా వాళ్లతోపాటే కూర్చునేది. అంతమ్మ మందలించినా వినలేదు. పొద్దున గోదాంలో, సాయంత్రం ఇంట్లో పాపకు పాలు పట్టడంలో ఆరు నెలలు గడిచాయి. పాప మామూలుగానే పెరుగుతోంది. వీరేశం తక్కువ మాట్లాడేవాడు, కానీ అన్నం దగ్గర, "అక్కా, నువ్వు తిన్నవా?" అని తప్పకుండా అడిగేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె పళ్లెం పక్కకు జరిపేది.

అంతమ్మ వేలి గాటు మానిన రోజున ఆ గదికి రావలసినవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు.

మర్నాడు పొద్దున వీరేశం వాకిట్లో మంచం మీద పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చంద్రకళ ఎదురుగా నిలబడి అంతా చెప్పింది. గోళ్ల సంగతి, గీతల సంగతి, పదకొండు రోజులు, బ్లీచింగ్ నీళ్లు, ఆసుపత్రిలో వేసిన ఒట్టు, ఎలుకల నివేదికలో తన చేత్తో రాసిన ఆ వరుస కూడా చెప్పింది. ఏదీ తగ్గించి చెప్పలేదు.

అతను మధ్యలో ఆపలేదు. చివర్న ఒక్కటే అడిగాడు.

"గా పదకొండు దినాలు నువ్వు మాతోనే అన్నం తిన్నవు గద?"

"తిన్న."

"ఆమె వడ్డిస్తే తిన్నవు."

"తిన్న తమ్మీ."

వీరేశం లేచాడు. పాప ఆమె కొంగు అంచు గుప్పిట్లో పట్టుకుని ఉంది. అతను ఆ వేళ్లు ఒక్కొక్కటే విడదీశాడు, నొప్పి తగలకుండా, జాగ్రత్తగా. పాపను భుజాన వేసుకుని ఇంట్లోకి వెళ్లాడు. తలుపు గట్టిగా వెయ్యలేదు. మెల్లగా దగ్గరికి వేసి గొళ్లెం పెట్టుకున్నాడు.

లోపల పాప ఏడుపు మొదలుపెట్టింది. పాలవేళ అయింది. సీసా ఎక్కడుందో, పాలెంత వెచ్చగా ఉండాలో అతనికి తెలియదు. చంద్రకళ తలుపు దగ్గరికి వెళ్లి, "పొయ్యి పక్కన గూట్లో ఉన్నది సీసా. మోచేతి మీద ఒక చుక్క వేసి చూడు, కాలొద్దు" అని చెప్పింది.

లోపల గిన్నె చప్పుడయింది. కాసేపటికి ఏడుపు ఆగింది.

ఆమె పాప పాలు తాగడం అయ్యేదాకా అక్కడే ఉంది. తర్వాత నివేదిక కాగితాలున్న సంచి భుజాన వేసుకుని పోలీస్ ఠాణా వైపు నడిచింది.